మళ్ళీ ఆ కడుపే

గొట్టం మూతికి బొటనవేలు అడ్డం పెట్టి నీళ్ళు చిమ్ముతూ, రెండో చేత్తో పొడుగాటి చీపురు తోసుకుంటూ కుక్కలత్త వరసలోని చివరి గది దాకా వచ్చింది. సిమెంటు నేల మీది మురికంతా కాలవలోకి జారిపోయింది. ఫినాయిలు ఘాటుకి ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. చివరి గదిలోని గోధుమరంగు కుక్క తడి తగలకుండా ముందే అరుగెక్కి కూర్చుంది. ఒక చెవి నిక్కబొడుచుకుని, ఇంకో చెవి మడిచి, కడిగే పని సవ్యంగా సాగుతోందా లేదా అని కనిపెట్టి చూస్తున్నట్టుంది దాని వాలకం.

“ఏం దొరగారూ, ఎక్కడైనా వంక ఉందా?” అందామె.

వంకేమీ లేదన్నట్టు దొర తోకతో అరుగు మీద ఒక్కసారి కొట్టాడు.

పశువైద్య కళాశాలలో శస్త్రచికిత్స విభాగం వెనకాల ఉండే ఆ కుక్కల షెడ్డు ఆమెది. కడగడం, మేపడం, మందులు మింగించడం, చచ్చినవాటిని గుంట దాకా మోయడం అన్నీ ఆమే చేస్తుంది కాబట్టి ఆమెది. ఎప్పుడో ఒక బ్యాచి పిల్లలు ‘అత్తా’ అని పిలిచారు. ఏ అత్త అని అడిగేవాళ్ళ కోసం తరవాతి పిల్లలు ముందు ‘కుక్కల’ తగిలించారు. ఆమె ఏమీ అనుకోలేదు. ఇంట్లో అత్తగారు ఇంకా కర్ర పట్టుకుని తిరుగుతూనే ఉంది; ఆవిడ ఉన్నంతకాలం తనకు అత్తరికం పనిలోనే గాని ఇంట్లో దక్కదని నవ్వేది.

పొట్టి మనిషి. మోకాళ్ళ నొప్పుల వల్ల నడిస్తే అటొకసారి ఇటొకసారి ఒరుగుతుంది. ఎప్పుడూ నీళ్ళలో ఉండి ఉండి పాదాలు ఒరిసిపోయి, మడమలు బీటలు వారాయి. కుడిచేతి చూపుడువేలికి కొస లేదు. అది మత్తు దిగుతున్న ఒక కుక్క నోట్లో పోయింది. దానికి తెలీక కరిచింది, దాన్నేమనకండి అని చెప్పి, కట్టు కట్టించుకుని, ఆ సాయంత్రం మళ్ళీ మేత గిన్నెలు ఎత్తుకుంది. సెలవు రోజున రమ్మన్నా వచ్చేది. ఇంకొకరి పని నెత్తిన పడేసినా చేసేది. కాదనడం రాని మనిషికి పని ఎలా పెరుగుతుందో ఆమెకూ అలాగే పెరిగింది.

ఆ ఏడాది షెడ్డులో జరుగుతున్నవి పేగుల ఆపరేషన్లు. చిన్న డాక్టరమ్మ అని అందరూ పిలిచే అమ్మాయి పై చదువు కోసం చేస్తున్న పరిశోధన అది. కుక్క పేగులో చిన్న ముక్క కోసి తీసేసి, తెగిన రెండు కొసల్ని తిరిగి కలపాలి. కొన్నింటికి ఒక వరస కుట్టు. కొన్నింటికి రెండు వరసలు. మిగిలినవాటికి సూదీ దారం లేకుండా పిన్నులు కొట్టే యంత్రం. ఏ అతుకు తొందరగా మానుతుంది, ఏది కారుతుంది, ఏది మూసుకుపోతుంది, అదీ తేలాల్సింది. మొదట్లో చిన్న డాక్టరమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని సైకిలు ట్యూబు ముక్కల మీద ఆ కుట్లు వేసి చూపించింది.

ఆ ట్యూబు ముక్కను అత్త చాలాసేపు చేతిలోంచి వదల్లేదు. ఆమె భర్త కలప అడితిలో దుంగలు కోసేవాడు. ఒకనాడు కడుపు రాయిలా బిగుసుకుపోయింది. పేగు మెలిపడిందని ఆసుపత్రిలో కోసి, చెడిన ముక్క తీసి కుట్టారు. మనిషి లేచి కూర్చున్నాడు. టీ అడిగాడు. పక్క మంచం వాడితో పరాచికాలాడాడు. తరవాత జ్వరం పట్టుకుంది. కడుపు ఉబ్బింది. చూస్తుండగానే పోయాడు. ఎందుకు పోయాడో చెప్పినవాడు లేడు. మా ప్రయత్నం మేం చేశామన్నారు, అంతే. ఇన్నేళ్ళకి చిన్న డాక్టరమ్మ నోట విన్నది ఆమె:

“అతుకు కారి ఉంటుందత్తా. పేగులోది బయటికొచ్చి కడుపులో పడితే అది విషమే.”

అందుకే ఆమెకు ఈ పని మీద కోపం లేదు. కుక్కల్ని కోసుకు తింటున్నారని వీధిలో ఎవరైనా ఈసడిస్తే ఆమే కొంగు బిగించి వాదనకు దిగేది. ఏ కుట్టు నిలుస్తుందో ఎక్కడో ఒకచోట తేలాలి కదా, అది ముందే తేలి ఉంటే నా మనిషి నాకు ఉండేవాడు కదా అనేది. పోయిన కుక్కను గోనెలో చుట్టి మోసుకెళ్తూ ఏడ్చేది కూడా ఆమే. ఆ వాదనా ఈ ఏడుపూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతున్నాయని ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆమె పట్టుకుని వేలాడింది ఒక్క మాటని. పని మొదలైన రోజున పెద్ద డాక్టరు షెడ్డు ముందు నిలబడి అందరూ వింటుండగా చెప్పాడు. ఒక్కో ప్రాణికి ఒక్కటే కోత. అది నియమం. మానినవాటిని మంచి మనుషులున్న ఇళ్ళకి ఇచ్చేస్తాం. ఆ మాట నమ్ముకునే ఆమె ఒక్కోదాన్నీ ఒళ్ళో పడుకోబెట్టుకుని చెంచాతో గంజినీళ్ళు పట్టింది.

దొర ఒక వరస కుట్టువాడు. వీధి కుక్కే అయినా ఎక్కడో మనుషుల మధ్య పెరిగినట్టుండేవాడు. గిన్నె పెడితే వెంటనే మూతి పెట్టడు. ఆమె అటు తిరిగేదాకా ఆగి, ఆకలి లేనివాడిలా నింపాదిగా తినేవాడు. అందుకే ఆ పేరు. కోత పడ్డాక గండం గడవాల్సిన ఆ నాలుగైదు రోజులూ ఆమె మొగుడి పక్కన కూర్చున్నట్టే వాడి పక్కన కూర్చుంది. మాటిమాటికీ పొట్ట తడిమి చూసేది, బిగుస్తోందేమోనని. బిగియలేదు. జ్వరం రాలేదు. మొదటిసారి విరేచనం సాఫీగా అయిన పొద్దున, ఆమె చీపురు అక్కడే పారేసి చిన్న డాక్టరమ్మ గదికి ఆయాసపడుతూ వెళ్ళి, పెళ్ళి కబురు చెప్పినట్టు చెప్పింది. అందరికంటే బాగా మానింది వీడికే అని ఎక్స్‌రే చూసి ఆ అమ్మాయి కూడా సంబరపడింది. గొరిగిన పొట్ట మీద బొచ్చు మళ్ళీ వచ్చింది. కోసిన గీత మాత్రం వేలికి తగిలేది.

వాడు వెళ్ళాల్సిన ఇల్లు ఆమెదే. అత్తగారిని ఒప్పించడానికి ఆమె పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. రోజంతా కుక్కల కంపు మోసుకొస్తున్నది చాలక కుక్కనే మోసుకొస్తావా అని ముసలావిడ కొన్నాళ్ళు మాట్లాడటం మానేసింది. ఎలా మెత్తబడిందో, వసారాలో పడుంటే పడుండనీ, నా మంచం ఎక్కాడంటే మాత్రం ఇద్దర్నీ గెంటేస్తానంది. పెద్ద డాక్టరు కూడా సరే తీసుకెళ్ళమన్నాడు. ఈ సాయంత్రం పని ముగించుకుని దొరను వెంటబెట్టుకుని వెళ్ళాలి. అందుకే ఇవాళ వాడికి స్నానం పోయాలని సబ్బుముక్క కూడా తెచ్చుకుంది.

గొట్టం కట్టేసి సబ్బు తీస్తుండగా చిన్న డాక్టరమ్మ వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు. చేతులు తెల్లకోటు జేబుల్లో పెట్టుకుని, చూపు నేల మీద పెట్టి అంది:

“అత్తా, దొరకి ఇవాళ మేత పెట్టకు.”

షెడ్డులో ఆ మాటకు ఒకటే అర్థం, కోత ఉందని.

చిన్న డాక్టరమ్మ నసుగుతూ చెప్పింది. పిన్నుల గుంపులో ఒక కుక్క జ్వరమొచ్చి పోయింది కదా, ఆ గుంపులో లెక్క తగ్గింది. యంత్రం తయారుచేసే కంపెనీ నుంచి ఇవాళ మనిషి వస్తున్నాడు, కొత్త రకం యంత్రం తనే దగ్గరుండి చూపిస్తాడు. మొన్న పట్టుకొచ్చిన నల్ల కుక్క ఎవర్నీ దగ్గరికి రానివ్వడం లేదు. దొర అయితే కిమ్మనకుండా పడుకుంటాడు. పాత అతుకుకి కొంచెం పైన, మంచి పేగు మీద చేస్తారట.

“నువ్వు సరేనన్నావా?” అని అడిగింది అత్త.

“నేను అనేదేముంది అత్తా” అని ఆ అమ్మాయి వెళ్ళిపోయింది.

అత్త కాళ్ళకున్న రబ్బరు బూట్లు కడుక్కోలేదు. ఆ తడి బూట్లతోనే విభాగం మెట్లెక్కింది. పెద్ద డాక్టరు గది నేల మీద ఆమె అడుగుల గుర్తులు పడ్డాయి. ఆయన వాటి వంక చూశాడు. మర్యాదస్థుడే. ఆమెను ఎప్పుడూ కసురుకోలేదు. నవ్వుతూనే కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

“ఒక్కో ప్రాణికి ఒక్కటే కోత అన్నారు సార్. షెడ్డు ముందు నిలబడి అన్నారు.”

“అన్నానత్తా. అప్పటి పరిస్థితి వేరు, ఇప్పటి పరిస్థితి వేరు.”

“వాడికేం వేరు సార్? వాడిది అదే కడుపు కదా.”

ఆయన ఓపిగ్గా వివరించాడు. ఇది ఇల్లు కాదన్నాడు. కళాశాల పెద్దల దగ్గర నోటిమాటగా అనుమతి తీసుకున్నానన్నాడు. నీ భర్త సంగతి నాకు తెలుసు, ఇలాంటి పనుల వల్లే రేపు ఇంకో ఇంట్లో మనిషి బతుకుతాడు అన్నాడు. తన మొగుడి చావుని తీసి తన నోటికే అడ్డం పెట్టడం ఆమె ఊహించలేదు.

“కరిచేదాన్ని వదిలేసి, చెయ్యి నాకేవాణ్ణి రెండోసారి పడుకోబెడతారా సార్?” అంది.

“సులువుగా లొంగేదాన్నే కదా ఎవరైనా తీసుకుంటారు” అన్నాడాయన. మామూలుగానే, దాపరికం లేకుండా అన్నాడు. ఫోను మోగితే ఎత్తి, ఇక నువ్వు వెళ్ళొచ్చన్నట్టు తలూపాడు.

షెడ్డుకి తిరిగొచ్చి, అత్త దొర గదిలో అరుగు మీద కూర్చుంది. వాడు వచ్చి ఒళ్ళంతా ఆమె కాలికి ఆనించి నిలబడ్డాడు. సులువుగా లొంగేదాన్ని. ఆ మాట ఆమె చెవుల్లో గింగుర్లు తిరుగుతూనే ఉంది. వేలు తెగిన రోజున మళ్ళీ పనిలోకి వచ్చినప్పుడు తన గురించి కూడా వీళ్ళు ఇదే అనుకుని ఉంటారు. సెలవు రోజుల్లో కబురు పెట్టినప్పుడు, ఆపరేషను గదిలో సామాను అందించే మీసాలాయన పని తన మీద వేసినప్పుడు, ఇదే అనుకుని ఉంటారు. మంచిదానివత్తా, మంచిదానివత్తా అంటూ. ఆమెకు దొర మీద కూడా కోపం వచ్చింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఎవడి చెయ్యైనా కొరికి ఉంటే ఈపాటికి మా ఇంటి వసారాలో ఉండేవాడివి కదరా అనుకుంది.

మేకుకి తగిలించిన సంచిలోంచి ఆమె అన్నం డబ్బా తీసింది. పొద్దున అది చేతికిస్తూ అత్తగారు ఎటో చూస్తూ అంది, ఇవాళ కాస్త ఎక్కువ పెట్టాను, ఎవరికో నీకే తెలుసు, అని. మూత తీస్తే అన్నం మీద రెండు ఉడకబెట్టిన గుడ్లున్నాయి. ఆవిడ చేతి మీదుగా ఆ ఇంట్లో తనకు ఎప్పుడూ ఒక్కటే వచ్చేది.

తిన్న కుక్కకు మత్తు ఇవ్వరు. అది ఆ ప్రాంగణంలో గేటు కాపలావాడికి కూడా తెలిసిన సంగతే. ఆమె దొంగచాటుగా ఏమీ చెయ్యలేదు. గది తలుపు బార్లా తెరిచి పెట్టి, గుడ్లు చిదిపి అన్నంలో కలిపి, డబ్బా అరుగు మీద పెట్టింది. అటు తిరగడం మాత్రం మర్చిపోలేదు. దొర నింపాదిగా, ఒక్క మెతుకు కింద పడకుండా తిన్నాడు.

కాసేపటికి మీసాలాయన వచ్చాడు. కుక్కను బరువు తూచడానికి తీసుకెళ్ళాలని వచ్చాడు. తిన్నాడు వాడు, నేనే పెట్టాను, పోయి చెప్పమంది అత్త. కొంప ముంచావు కదత్తా అంటూ అతను పరిగెత్తాడు. చిన్న డాక్టరమ్మ వచ్చింది. డబ్బా చూసింది, దొర మూతికి అంటిన పచ్చసొన చూసింది. ఆ పిల్ల మొహంలో భయం కాదు, గుండెల మీది బరువు దింపుకున్న కళ కనపడింది.

“అయితే ఇవాళ కుదరదు. చెప్పొస్తా ఉండత్తా.”

తిరిగొచ్చేసరికి ఆ కళ లేదు. కాసేపు ఆగి చేసేద్దామన్నారు అంది. వాంతి అయ్యేలా సూది వేస్తారట. గొంతులో ఎలాగూ గొట్టం ఉంటుంది కాబట్టి తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోదట, ఏమీ కాదట. కంపెనీ ఆయన ఇంత దూరం వచ్చి ఊరికే పోతే బాగుండదట, సాయంత్రం రైలుకి ఆయన వెళ్ళిపోవాలట.

“తిన్నాడని చెప్పావా ఆయనకి?”

“చెప్పానత్తా.”

“గుడ్డూ అన్నం, కడుపునిండా తిన్నాడని చెప్పావా?”

ఆ అమ్మాయి తలూపింది.

వాంతి సూది వేస్తే సగం వచ్చింది, సగం రాలేదు. అదంతా కడిగింది అత్తే. ఇక తీసుకురమ్మంటే ఆమె గది తలుపుకి అడ్డంగా నిలబడింది. నేను తేను, అంది. ఇన్నేళ్ళలో ఆ షెడ్డులో ఆమె కాదనడం అదే మొదటిసారి. మీసాలాయన బిత్తరపోయి, కరిచే కుక్కలకు వాడే ఉచ్చుకర్ర పట్టుకొచ్చాడు. అతని తప్పు లేదు, అతనికి చెప్పినవాళ్ళు చెప్పారు. మెడ దగ్గరికి ఆ తీగ ఉచ్చు వచ్చేసరికి దొర మూలకు నక్కి, నిలబడ్డచోటే మూత్రం పోసుకున్నాడు. ఏనాడూ అరవనివాడు సన్నగా కుయ్యిమన్నాడు. అత్త ఎక్కువసేపు చూడలేకపోయింది. కర్ర పక్కకు నెట్టేసి, వంగి, మోకాళ్ళు కలుక్కుమంటున్నా లెక్కచెయ్యక, వాణ్ణి రెండు చేతుల్లో ఎత్తుకుంది. వాడు తల ఆమె భుజం మీద వాల్చాడు. ఆ నమ్మకాన్ని అలాగే మోసుకెళ్ళి ఆమే బల్ల మీద పెట్టింది. సూది దిగేదాకా మడిచిన చెవి నిమురుతూ నిలబడింది. వాడి కళ్ళు మూతపడ్డాక ఆమెను బయటికి పొమ్మన్నారు.

మెట్ల మీద కూర్చుంది. లోపలినుంచి కంపెనీ మనిషి గొంతు గలగలా వినిపిస్తోంది. యంత్రం టక్కున కొట్టుకున్న చప్పుడైంది. అంతే, అయిపోయింది చూడండి, అన్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. సూదీ దారంతో చేస్తే పట్టే సమయంలో ఇంకో రెండు చెయ్యొచ్చని పెద్ద డాక్టరు మెచ్చుకున్నాడు. కాసేపటికి ఇద్దరూ చేతులు తుడుచుకుంటూ ఆమె పక్కనుంచే పైకి టీ తాగడానికి వెళ్ళారు. పేగు మంచి ఆరోగ్యంగా ఉంది, కుక్కను బాగా మేపారు అని కంపెనీ మనిషి అంటూనే ఉన్నాడు.

మత్తు దిగేటప్పుడు కుక్క తల పట్టుకోవడం ఎప్పుడూ అత్త పనే. చిన్న డాక్టరమ్మ పిలిస్తే లోపలికెళ్ళి, నేల మీద దుప్పటి పరిచి, దొర తల ఒళ్ళో పెట్టుకుంది. వాడు గుటక వేశాడు. చిన్న డాక్టరమ్మ గొంతులోంచి గొట్టం తీసింది. ఒక్క క్షణం అంతా బాగానే ఉంది. తోక కొస కదిలినట్టు కూడా అనిపించింది. అంతలో పొట్ట ఒక్కసారి ఎగసి, నోట్లోంచి, ముక్కులోంచి అన్నం మెతుకులు వచ్చాయి. పచ్చసొన ముక్కలు వచ్చాయి. అది పీల్చేసే యంత్రం వైరు ఊడదీసి ఉంది. ఆ ప్లగ్గులో కంపెనీ వాళ్ళ దీపం పెట్టారు. అత్త వాణ్ణి తలకిందులుగా వంచి, కొస లేని వేలు నోట్లో పెట్టి తోడింది. వాడు కరవలేదు. చిన్న డాక్టరమ్మ మళ్ళీ గొట్టం దూర్చి, ఊపిరి అందించే గాలితిత్తి నొక్కుతూనే ఉంది. నాలుక నీలంగా మారింది. ఊపిరి ఒకటి వచ్చింది, చాలాసేపటికి ఇంకొకటి వచ్చింది. తరవాతిదాని కోసం వాళ్ళిద్దరూ ఎదురుచూశారు.

పెద్ద డాక్టరు కిందికి దిగి వచ్చాడు. వెనకే కంపెనీ మనిషి వచ్చాడు. చూడాల్సింది చూసి, పెద్ద డాక్టరు ఆ మనిషికి వినపడేలా అన్నాడు:

“ఇది ఆపరేషను వల్ల పోయింది కాదు. అతుకు చెక్కు చెదరలేదు. వద్దన్నా మేత పెట్టినందువల్ల పోయింది.”

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె ఒళ్ళో ఇంకా దొర తల ఉంది.

“పెట్టానని చెప్పాను సార్.”

“ఎవరికి చెప్పావు?”

అత్త చిన్న డాక్టరమ్మ వంక చూసింది. ఆ అమ్మాయి చేతి తొడుగు తీస్తున్నట్టు వేళ్ళకేసి చూసుకుంటోంది. తొడుగు ఎంతకీ రావడం లేదు. మీసాలాయన కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. ఆ గదిలో నిజం తెలియనివాడు ఒక్క కంపెనీ మనిషే. మిగతా అందరూ నోరు మూసుకుని నిలబడ్డారు.

రేపటినుంచి నువ్వు గడ్డి గోదాములో పనిచెయ్యి, షెడ్డు మీసాలాయన చూసుకుంటాడు, అన్నాడు పెద్ద డాక్టరు. గొంతు పెంచలేదు.

అత్త దొర తలను మెల్లిగా దుప్పటి మీదికి దించి, గోడ పట్టుకుని లేచింది. ఆమె కూడా గొంతు పెంచలేదు.

“పెట్టిన చెయ్యి నాదే సార్. ఆ పాపం నాది. చచ్చేదాకా మోస్తాను. తిన్నాడని తెలిసి కోసిన చెయ్యి నాది కాదు. అది మీరు మొయ్యండి. నా నెత్తిన పెట్టకండి.”

కంపెనీ మనిషి గడియారం చూసుకున్నాడు. ఆమె గడప దాటుతుండగా పెద్ద డాక్టరు చిన్న డాక్టరమ్మతో చెబుతున్న మాట చెవిన పడింది. రెండు అతుకులూ కలిపి తీసి భద్రం చెయ్యి, పక్కపక్కనే ఉన్నాయి, పోల్చి చూడటానికి మళ్ళీ ఇలాంటిది దొరకదు.

గోనె పట్టుకుని ఆమె మళ్ళీ వెళ్ళేసరికి గదిలో ఎవరూ లేరు, దొర ఒక్కడే ఉన్నాడు. తీయాల్సింది తీశాక పొట్టను మామూలుగా పెద్ద పెద్ద కుట్లతో దగ్గరికి లాగి వదిలేస్తారు. చచ్చినదానికి అంతకంటే ఎవరు వేస్తారు? దొర పొట్ట మీద మాత్రం సన్నటి కుట్లు, రెండు వరసలు, ఒక్కటి కూడా వంకర పోకుండా ఉన్నాయి. ఆ చెయ్యి ఎవరిదో అత్తకు తెలుసు. తెలిసినా ఆమె మనసు కరగలేదు. ఆ శ్రద్ధేదో నోటితో చూపించి ఉండాల్సిందని పళ్ళ బిగువున అనుకుంటూ గోనె చుట్టింది.

గుంట పూడ్చి వచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, మిగతా కుక్కలకు సాయంత్రం మేత పెట్టింది. నల్ల కుక్క ఎప్పటిలాగే కోరలు చూపించి గుర్రుమంది. బాగా చేస్తున్నావు, అలాగే ఉండు, అని దానికి చెప్పి గిన్నె నిండా వేసింది.

చిన్న డాక్టరమ్మ వచ్చింది. ఈసారి గుమ్మం దాటి లోపలికి వచ్చి, అరుగు అంచున కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. చదువు ఆగిపోతుందత్తా, మా నాన్న ఆయన్ని బతిమాలి సీటు ఇప్పించాడత్తా, నోరు పెగల్లేదత్తా అంది. అత్త గిన్నెలు తోముతూనే విన్నది. తోమడం అయ్యాక వాటిని వరసగా బోర్లించింది. ఇంకో రోజైతే ఆ పిల్ల తల నిమిరి ఉండేది.

“నా దగ్గర ఏడిస్తే ఏం లాభం తల్లీ? ఏడవకపోయినా ఫరవాలేదు, అక్కడ మాట్లాడాల్సింది.”

ఆ అమ్మాయి ఏడుపు ఆగిపోయింది. మొహం తుడుచుకోకుండానే అడిగింది.

“రేపు గోదాముకి వస్తావా?”

“రాను. ఈ గేటు లోపలికే రాను. నీ కుట్ల కుక్కలు ఇంకా నాలుగున్నాయి. మేత టైముకి పెట్టించు.”

ఇంటికెళ్ళి అత్తగారికి ఏం చెప్పాలో ఆమెకు ఇంకా తెలియలేదు. కుక్క పోయిందని చెప్పొచ్చు. ఎలా పోయిందో మాత్రం చెప్పకూడదు. రెండో గుడ్డు ఎవరు తిన్నారని ఆవిడ అడిగితే, ఇష్టంగా తిన్నాడని చెప్పాలి. అక్కడితో ఆపాలి.

రబ్బరు బూట్లు కడిగి గోడకు ఆనించి, తన చెప్పులు వేసుకుని, షెడ్డు తాళాలు ఇచ్చేద్దామని ఆపరేషను గది వైపు వెళ్ళింది. కంపెనీ మనిషి రైలుకి వెళ్ళిపోయాడు. పెద్ద డాక్టరు ఆయన్ని దింపడానికి వెళ్ళాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల దీపం ఆర్పలేదు. తాళాల గుత్తి బల్ల మీద పెడుతూ ఆమె అక్కడున్న గాజు సీసా చూసింది. మందునీళ్ళలో మూర కంటే తక్కువ పొడుగున్న పేగు ముక్క మెలిక తిరిగి మునిగి ఉంది. పైభాగాన కొత్త పిన్నులు ఉంగరంలా మెరుస్తున్నాయి. వాటి కింద, తను చెంచాతో గంజి పట్టిన రోజుల్లో కలిసిన ఆ పాత చోటు కోసం ఆమె వంగి, సీసాకు మొహం దగ్గరగా పెట్టి, ఇటు తిప్పి అటు తిప్పి వెతికింది. నీళ్ళు ఊగాయి, పేగు కాస్త కదిలి మళ్ళీ నెమ్మదించింది.

తర్వాత ఆమె తలుపు దగ్గరగా వేసి, మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగి, గేటు వైపు వెళ్ళిపోయింది. దీపం కింద సీసా అలాగే ఉంది. అందులో పిన్నులు పడ్డ చోటు ఎవరికైనా కనపడుతుంది. మొదటిసారి కోసిన చోటు మాత్రం ఎక్కడుందో ఎవరూ పోల్చుకోలేనంతగా మానిపోయి ఉంది.